పైన పటారం, లోన తుప్పు

మన కాలేజి సైకిల్ స్టాండులో ఇప్పుడు సైకిలు వెతికినా దొరకదు. పేరు మాత్రం అట్లాగే మిగిలింది. ఉన్నవన్నీ మోటారు సైకిళ్ళే. ఒక్కొక్కటి పెళ్ళికొడుకులా ముస్తాబై నిలబడి ఉంటుంది. ట్యాంకు మీద ఇష్టదైవం పేరు, అభిమాన నటుడి బొమ్మ, అమ్మానాన్నల దీవెన. మన మిత్రులు ఆ ట్యాంకును తుడిచి తుడిచి, తల దువ్వుకోవడానికి అద్దం అక్కర్లేకుండా చేసుకుంటారు. బాగానే ఉంది. కాని ఆ మూత తీసి లోపల ఎట్లా ఉందో ఎప్పుడైనా చూశారా అని అడిగి చూడండి. "పెట్రోలు ఉందా లేదా అని చూస్తాం గదా!" అంటారు. అంతే. లోపలి గోడకు ఏం పట్టిందో, అడుగున ఏం పేరుకుందో చూసినవాడు నూటికి ఒక్కడుంటే గొప్ప.

ఈ నాలుగు మాటలూ ఆ లోపలి సంగతి గురించే. వార్షిక సంచికకు ఇంతకన్నా ఘనమైన విషయం దొరకలేదా అని పెద్దలు నవ్వుకోవచ్చు. దేశ సమస్యల మీద వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నాకు చేతులు కాల్చుకుని తెలిసిన సంగతి ఇదొక్కటే. కాలినచోట నేర్చిన పాఠం గనుక నలుగురికీ చెప్పాలనిపించింది.

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. కర్నూలు, కడప అంటే ఎండలకు పెట్టింది పేరు. ఏడాది మొత్తానికి 700 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఏడు మంచి ఏడని చెప్పుకునే సీమ మనది. తుప్పంటే సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం వాళ్ళ బాధ గాని మనకేమిటి అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. కాని తుప్పుకు చెరువంత నీళ్ళు అక్కర్లేదు. ఇనుము, గాలి, ఒక చెంచా తేమ ఉంటే చాలు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు మనిషిలాగే ఊపిరి పీల్చి వదులుతుంది. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి మూత సందులోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక బయటి గాలి లోపలికి వస్తుంది. వానాకాలపు రాత్రుల్లో ఆ గాలితోపాటు తేమా వస్తుంది. వాటర్ సర్వీసింగులో పైపు పెట్టి కొట్టిన నీళ్ళు మూత దగ్గర దిగేది కొంత. పల్లెల్లో సీసాల్లో అమ్మే పెట్రోలుతో వచ్చేది మరికొంత. పెట్రోలు నీటికంటే తేలిక, నీటి బరువులో ముప్పాతిక మాత్రమే. అందుచేత వచ్చిన నీరు వచ్చినట్టు అడుగుకు చేరి, రేకులు అతికిన కుట్టు దగ్గర మకాం పెడుతుంది. పైనుంచి చూసేవాడికి పెట్రోలే కనిపిస్తుంది. తుప్పు మాత్రం కింద తన పని తాను చేసుకుంటూ పోతుంది.

ఇప్పుడు మనం పోయించుకునేది ఒట్టి పెట్రోలు కూడా కాదు. అందులో ఇథనాల్ కలుస్తున్నది. దేశంలో 2022 నాటికి నూటికి 10 పాళ్ళు ఉన్న ఇథనాల్ 2025 నాటికి 20 పాళ్ళకు చేరింది. ఇథనాల్‌కు నీరంటే ప్రాణం. కొద్దిపాటి తేమ ఉంటే దాన్ని తనలో కలుపుకుని ఇంజనులోకి తీసుకుపోతుంది. అది మంచిదే. తేమ హద్దు మీరితే మాత్రం పెట్రోలును విడిచిపెట్టి నీటితో జత కట్టి అడుగుకు దిగిపోతుంది. రోజూ తిరిగే బండికి దీనివల్ల వచ్చే చిక్కు తక్కువ. నెలల తరబడి నిలబెట్టిన బండికి చిక్కు ఎక్కువ. మన పెద్దల కాలపు రెండు స్ట్రోకుల బండ్లలో పెట్రోలుతోపాటు ఆయిలు కలిపి పోసేవాళ్ళు. ఆ ఆయిలు పొర లోపలి గోడను కొంతవరకు కాపాడేది. ఇప్పటి బండ్లకు ఆ రక్ష లేదు.

ఇక వరదల సంగతి. ఎండిన సీమ అంటామే గాని, వచ్చినప్పుడు నీళ్ళు మనల్ని ఊరికే వదలలేదు. 2009 అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. ఆ రోజుల్లోనే శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట దగ్గరి పల్లెలు కొట్టుకుపోయాయి. మనుషులే పోయినచోట బండ్ల గురించి ఎవరు పట్టించుకుంటారు? నిజమే. కాని బతికి బయటపడ్డవాడు మర్నాడు పనికి పోవాలన్నా, పాల క్యాను మోసుకుపోవాలన్నా ఆ బండే దిక్కు. రెండు రోజులు బురదనీటిలో మునిగిన బండిని కడిగి, ప్లగ్గు మార్చి, స్టార్టు అయితే చాలనుకుంటారు. ట్యాంకు లోపలికి దిగిన నీళ్ళు తమ లెక్క ఏడాది తర్వాత అప్పజెబుతాయి.

సరే, అసలు కథకు వద్దాం. మాది కడప వైపు పల్లె. మా చిన్నాయన తొలి చెనిక్కాయల పంట డబ్బుతో పాత యెజ్డి బండి ఒకటి కొన్నాడు. ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి, ఆయన కువైట్ దారి పట్టాడు. కడప జిల్లాలో ఇది ఇంటింటి కథే. మనిషి అక్కడ, బండి ఇక్కడ. ఆరేళ్ళు మా పడసాలలో గోనెపట్టా కప్పుకుని నిలబడింది. కూర్చుని తింటే కొండలు కరిగినట్టే, నిలబెట్టి ఉంచితే ఇనుమూ కరుగుతుంది. చిన్నాయన ఫోను చేసి, "సెలవు మీద వస్తాండా. బండి రెడీ చేసి పెట్టబ్బీ, నువ్వు కెమిస్ట్రీ చదువుతాండావు గదా!" అన్నాడు. ఆ ఆఖరి మాట నాకు బాగా ఎక్కింది.

మూత తీసి టార్చిలైటు వేసి చూస్తే లోపల ఎర్రమట్టి చేను కనిపించింది. నేను చదివిన పుస్తకం ఏం చెప్పింది? తుప్పు నీటితో కూడిన ఐరన్ ఆక్సైడ్, ఆమ్లంలో కరుగుతుంది. అంతే గదా! కచ్చెరువు బాత్రూములు కడిగే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండు సీసాలు తెచ్చి పోశాను. బుసబుస పొంగింది. పది నిమిషాల్లో లోపల వెండిగిన్నెలా మెరిసింది. బోరు నీళ్ళతో నాలుగుసార్లు కడిగి, బోర్లించి పడుకున్నాను. తెల్లవారి చూద్దును గదా, మళ్ళీ ఎరుపు! మళ్ళీ యాసిడ్. మళ్ళీ మెరుపు. మళ్ళీ ఎరుపు. మూడోసారి ఇంకొంచెం సేపు ఉంచితే సరిపోతుందని గంటసేపు ఉంచాను. ఈసారి పెట్రోలు, ఆయిలు కలిపి వెంటనే నింపేశాను. బండి స్టార్టయింది. నాకంటే మొనగాడు లేడనుకున్నాను.

చిన్నాయనను వెనక కూర్చోబెట్టుకుని కర్నూలుకు బయలుదేరాను. మైదుకూరు దాటాం, దువ్వూరు దాటాం. చాగలమర్రి దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి, "ఏందిరా, పెట్రోలు వాసనొస్తాంది? ఆపు. ముందు బండి ఆపు!" అని కేక. దిగి చూస్తే ట్యాంకు అడుగున కుట్టు పక్కన సూదిమొన అంత బెజ్జం. అందులోంచి బొట్టు బొట్టుగా పెట్రోలు కారి, కాగుతున్న ఇంజను పక్కనుంచి జారుతున్నది. ఇంకొక అయిదు మైళ్ళు పోయి ఉంటే ఈ వ్యాసం వ్రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో చెప్పలేను. చిన్నాయన నన్ను తిట్టలేదు. ట్యాంకు మీద చెయ్యి పెట్టి కాసేపు ఊరికే నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బండిని నంద్యాల దాకా లారీలో వేసుకుపోయి ఒక ముసలి మెకానిక్ భాయ్‌కి చూపించాం. ఆయన లోపలికి చూసి, వేలితో అడుగున తట్టి, "యాసిడ్ పోసినావా? ఎంతసేపు?" అని అడిగాడు. చెప్పాను. నవ్వి అన్నాడు: "యాసిడ్‌కు తుప్పెవరో, రేకెవరో తెలుస్తాదా సామీ?"

మూడేళ్ళ పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. ఘాటైన ఆమ్లం తుప్పును తింటుంది, తుప్పు అయిపోగానే రేకును తినడం మొదలుపెడుతుంది. కుట్టు దగ్గర రేకు అప్పటికే చిక్కిపోయి ఉంటుంది గనుక మొదట అక్కడే తెగుతుంది. మరి తెల్లారేసరికి మళ్ళీ తుప్పు ఎందుకొచ్చింది? శుభ్రమైన ఇనుము అంటే ఒంటిమీద గుడ్డ లేని ఇనుము. తడి తగిలితే గంటల్లో ఎర్రబడుతుంది. పైగా ఆ యాసిడ్‌లోని క్లోరైడు సందుల్లో మిగిలిపోయింది. మన బోరు నీళ్ళు ఉప్పుల పుట్ట, అవి దానికి తోడయ్యాయి. తుప్పు తియ్యడం సగం పనే. తీసిన తర్వాత కాపాడడమే అసలు పని. ఆ సగం నేను చెయ్యలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. మన ప్రాంతంలో ట్యాంకు తుప్పుకు రెండే మందులు చెలామణిలో ఉన్నాయి. ఒకటి, నేను చేసిన పది నిమిషాల యాసిడ్ వైద్యం. రెండు, "తీసి పారేసి కొత్తది వేసుకో" అనే సలహా. ఈ రెండూ తొందరపాటు బిడ్డలే. అడుగు జల్లెడలా అయిపోతే మార్చక తప్పదు, కాదనను. కాని పది ట్యాంకుల్లో ఎన్ని అట్లాంటివి? పాత బండ్లకైతే కంపెనీ ట్యాంకు దొరకనే దొరకదు. ఈ రెండూ గాక మూడో అలవాటు ఒకటుంది: నెలకొకసారి కార్బరేటర్ క్లీన్ చేయించడం. ట్యాంకులోంచి రాలే తుప్పు జెట్టుకు అడ్డం పడుతుంటే జెట్టును ఊది ఊది ప్రయోజనమేమిటి? బావిలో బురద ఉంచుకుని బిందె తోమినట్టు! 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో చాలావాటికి కార్బరేటరే లేదు. వాటిలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. అక్కడికి తుప్పు చేరితే ఊదితే పోయే ఖర్చు కాదు.

మరి సరైన దారి ఏది? భాయ్ దగ్గర చూసి, పుస్తకంతో సరిచూసుకుని, ఆ తర్వాత నేను మూడు ట్యాంకులకు చేసిన పద్ధతి చెబుతాను.

మొదట పెట్రోలు పూర్తిగా వంచి, ట్యాంకు విప్పి, పెట్రోలు ట్యాపు, గేజీ తీసేసి రంధ్రాలు బిరడాలతో మూయాలి. గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళతో లోపలి జిడ్డు పోయేదాకా కడగాలి. జిడ్డు ఉన్నచోట ఏ ఆమ్లమూ అంటదు. పెళ్ళలు కట్టిన తుప్పుంటే గుప్పెడు నట్లు లెక్కబెట్టి వేసి ఊపాలి, లెక్కబెట్టి తియ్యాలి. లెక్క తప్పితే ఒకటి లోపలే ఉండిపోతుంది, జీవితాంతం గలగలమంటుంది. తర్వాత నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, మూతి దాకా నింపి, మూత గట్టిగా బిగించకుండా ఒక రాత్రి ఉంచాలి. ఇదీ ఆమ్లమే, రేకును బొత్తిగా తాకదని అనను. కాని నెమ్మదస్తురాలు. నడుమ చూసుకుంటూ, తుప్పు పోగానే ఆపడానికి మనకు వ్యవధి ఇస్తుంది. మా జేజి ఇత్తడి బిందెలు తోమే చింతపండు కూడా ఈ జాతిదే, అందులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. అట్లాగని ట్యాంకులో చింతపండు పిసికేరు, ఆ పిప్పి తియ్యలేక చస్తారు.

అసలు సగం ఇప్పుడు మొదలవుతుంది. ఆమ్లం వంచిన వెంటనే వంట సోడా కలిపిన నీటితో కడిగి పులుపు విరచాలి. ఆఖరి కడుగు బోరు నీటితో వద్దు. వాన నీళ్ళో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో వాడాలి. ఆపైన ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకుండా ఆరబెట్టాలి. ఇక్కడ మాత్రం దేవుడు మన సీమకు అన్యాయం చెయ్యలేదు. ఇంత ఎండ ఇంకెక్కడ దొరుకుతుంది? మధ్యాహ్నం వేడి బండల మీద మూతి తెరిచి పెట్టి, గాలి కొట్టిస్తే గంటలో పొడి. పొడి కాగానే కాస్త ఆయిలు పోసి అన్ని మూలలకూ తిప్పి వంచెయ్యాలి. వెంటనే బండికెక్కించి పెట్రోలు నిండా పోయించాలి. నిలబెట్టే బండి అయితే ఎప్పుడూ నిండు ట్యాంకుతోనే నిలబెట్టాలి. గాలికి చోటు లేకపోతే తేమకూ చోటు లేదు.

చాకలి సోడా నీళ్ళు, బ్యాటరీ చార్జరుతో కరెంటు పద్ధతి కూడా ఉంది. ట్యాంకుకు నెగిటివ్, లోపల ట్యాంకుకు తగలకుండా వేలాడదీసిన ఇనుప కడ్డీకి పాజిటివ్ తగిలిస్తారు. తుప్పు వదులుతుంది, రేకుకు నష్టం లేదు. కాని అందులో హైడ్రోజన్ వాయువు పుడుతుంది గనుక ఆరుబయట, నిప్పుకు దూరంగా చెయ్యాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ మాత్రం వాడకూడదు, అందులోంచి విషపు క్రోమియం దిగుతుంది.

నిప్పు మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి రెండు పాళ్ళు చేరినా అంటుకుని పేలడానికి చాలు. మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి తుప్పు ఎంతుందో చూడబోయేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బెజ్జం పడ్డ ట్యాంకుకు వెల్డింగు చెయ్యడం చెయ్యి తిరిగినవాళ్ళ పని, మనది కాదు. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు లేకుండా ఆమ్లం ముట్టవద్దు. వాడిన నీళ్ళను సోడాతో విరిచిన తర్వాతే పారబొయ్యాలి. కడిగిన పెట్రోలును మోరీలో వంచి హంద్రికో, బుగ్గవంకకో అప్పజెప్పడం మన చదువుకు తగని పని.

ఢిల్లీ ఇనుప స్తంభం గురించి మనం చిన్నప్పటినుంచీ గొప్పగా చెప్పుకుంటాం. సుమారు 1600 ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలబడింది. ఐ.ఐ.టి. కాన్పూరు ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం దాన్ని పరిశోధించి, ఆ ఇనుములోని భాస్వరం వల్ల పైన ఫాస్ఫేటు పొర ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతున్నదని వివరించారు. ఇవాళ తుప్పుకు వాడే ఫాస్ఫారిక్ ఆమ్లం చేసే మేలూ ఆ జాతిదే. తుప్పు కరిగించి, వెనక ఒక ఫాస్ఫేటు పొర విడిచి పోతుంది. స్తంభం గురించి పరీక్షలో రెండు మార్కులకు వ్రాస్తాం. అదే సూత్రం మన పడసాలలోని బండికి పనికొస్తుందని మనకు తోచదు. నాకూ తోచలేదు.

నన్ను బాధించేది ఇదే. తుప్పు గురించి పది పేజీలు వ్రాయగల నేను ట్యాంకుకు బెజ్జం వేశాను. ఒక్క పేజీ కూడా చదవని భాయ్ దాన్ని బతికించాడు. ఆయనకు తెలిసింది నాకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిన సూత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన శిష్యులైన కుర్రవాళ్ళు ఒట్టి చేతులతో యాసిడ్ తోడి వేళ్ళు పొక్కించుకునేవాళ్ళు కారు. ఈ ఇద్దరి మధ్యా ఉన్నది కాలేజి ప్రహరీగోడ ఒక్కటే.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి, కెమిస్ట్రీ లెక్చరర్లకు ఒక చిన్న మనవి. వానలు వెనకబట్టాక, ఏడాదికి ఒక్క ఆదివారం, సైకిల్ స్టాండు పక్క ఖాళీ స్థలంలో కూడుదాం. నిమ్మ ఉప్పు, సోడా, డిస్టిల్డ్ వాటరు కాలేజి ఇవ్వగలదు. ఊళ్ళోని ఇద్దరు ముగ్గురు మెకానిక్ పెద్దలను గౌరవంగా పిలిచి, అతిథి ఉపన్యాసకులకు ఇచ్చినట్టే వాళ్ళకూ తాంబూలంలో పెట్టి ఇద్దాం. పూర్వ విద్యార్థులు తమ ఇళ్ళల్లో మూలనపడ్డ బండ్లు తోసుకురావచ్చు. లెక్చరర్లు ఎందుకో చెబుతారు, భాయ్‌లు ఎట్లాగో చూపిస్తారు. మన చేతులు కాస్త ఎర్రబడతాయి. సబ్బు పెడితే పోతుంది.

చిన్నాయన సెలవు ముగిసి మళ్ళీ కువైట్ వెళ్ళిపోయాడు. పోయేముందు ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మూత తీసి టార్చి వేసి లోపలికి చూశాడు. నన్నూ చూడమన్నాడు. అడుగున భాయ్ వేసిన అతుకు కనిపించింది. "ఇదొక్కటీ మరిచిపోవాకు" అన్నాడు. నెలకొకసారి ఊరికి పోయినప్పుడు మూత తీసి చూస్తున్నాను. మిత్రులారా, ఈ సాయంత్రం స్టాండులోంచి బండి తీసేముందు మీరూ ఒకసారి మూత తీసి చూడండి. టార్చితోనే సుమా!